పడగ లేని పాము బొమ్మ

ఏరు రెండుసార్లు గట్టు దాటిన ఏడు, వానలు వెనకబట్టి చలి మొదలవుతున్న రోజుల్లో, ఒక పెద్ద అడవిలో విద్యా మండలి ఒక ఉత్తర్వు అంటించింది. వచ్చే తొలకరిలోగా డాక్టరేటు తెచ్చుకోని పంతుళ్ళని బడుల్లోంచి తీసేస్తారు. మండలి అధ్యక్షుడు అడవిపంది. ఆయనకి సంతకం రాదు, కాలిముద్ర వేశాడు.

ఆ అడవిలో ముంగిసలకి ఒక బడి ఉండేది. దాని పంతులు అప్పలస్వామి అనే ముసలి ముంగిస. ఆయన నేర్పేది ఒకటే పాఠం, పాము ఎదురైతే ఏం చెయ్యాలి అని. పడగ ఎత్తేదాకా ఆగాలి. కొట్టినప్పుడల్లా పక్కకి దూకాలి. అది అలిసిపోయాక తల వెనక పట్టుకోవాలి. బడిలో నల్లబల్ల లేదు, పుస్తకం లేదు. ఆయన దగ్గర చదివిన పిల్ల పాముకాటుకి పోయిందని మాత్రం ఎవరూ వినలేదు.

ఉత్తర్వు మాస్టారు కూడా చూశాడు. ఆ బడి తప్ప ఆయనకి వేరే బతుకు లేదు. పరుగెత్తుకుంటూ విశ్వవిద్యాలయానికి పోయాడు. అక్కడ విద్యాశాఖకి ప్రొఫెసరు జగ్గారావు అనే ఎలుగుబంటి. గైడుగా ఉండటానికి ఒప్పుకున్నాడు.

"చర్యా పరిశోధన చెయ్యవయ్యా, తేలిక," అన్నాడు ఎలుగుబంటి. "నీ తరగతిలో పిల్లలకి రానిదేదో చూడు. దానికి నువ్వే ఒక కొత్త ఉపాయం చెయ్యి. ముందు పరీక్షలో ఇంత, తరవాతి పరీక్షలో ఇంత అని చూపించు. దాన్నే థీసిస్ అంటారు. సరే, నీ తరగతిలో సమస్యేమిటి?"

మాస్టారు పిల్లల పేర్లు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాడు. "ఏమీ లేదండి."

"లేకపోవడమేంటయ్యా?"

"అందరికీ వస్తుందండి."

ప్రొఫెసరు మొహం మాడిపోయింది. "అందరికీ వచ్చేస్తే నువ్వు బాగుచేసేదేముంది? నీకు డాక్టరేటు దేనికిస్తారు? నీ దగ్గర ఇన్నాళ్ళూ చదువు పాడైపోయిందయ్యా!"

"మరిప్పుడేం చెయ్యమంటారు సార్?"

"పాఠం ఆపు. రెండు నెలలు ఆపితే వాళ్ళే మరిచిపోతారు. అప్పుడు ముందు పరీక్ష పెట్టు. మార్కులు ఎంత తక్కువొస్తే అంత మంచిది."

మాస్టారి మనసు ఒప్పుకోలేదు. కానీ వచ్చేది చలికాలం. పాములు పుట్టలు వదిలి రావు. రెండు నెలల్లో కొంప మునిగేదేముందిలే అనుకున్నాడు. మాస్టారు లేచేటప్పుడు ప్రొఫెసరు చూరుకేసి చూస్తూ, ఈమధ్య మంచి తేనె దొరకడం లేదని బాధపడ్డాడు. ఆ మర్నాటి నుంచి మాస్టారు బడిలో కన్నా తేనెపట్ల దగ్గర ఎక్కువ కనబడ్డాడు. మూతి ఎప్పుడూ వాచి ఉండేది.

రెండు నెలల తరవాత ముందు పరీక్ష జరిగింది. మాస్టారు ఒక తీగని పిల్లల ముందు ఈడ్చాడు. పిల్లలు దాన్ని చూసి ఆవలించారు. పోలి అనే పిల్ల ఒక్కత్తె ఎగిరి తీగని మెడ దగ్గర పట్టేసింది.

"ఎందుకు పట్టావే?" అన్నాడు మాస్టారు ఏడుపు మొహంతో.

"కదిలింది కదండీ."

ప్రొఫెసరు కాగితం చూసి పళ్ళు కొరికాడు. "ఆ పిల్ల ఆరోజు బడికి రాలేదని రాయి. అందరికీ ఇంకో రెండు నెలలు ఆపు. మార్కులు ఇంకా దిగాలి."

పోలి తల్లి నూకాలు. అదే బడిలో, అదే మాస్టారి దగ్గర చదువుకుంది. ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, మా పోలికి ఏం నేర్పుతున్నారు? ఇదివరకు నిద్రలో కూడా ఎగిరేది. నిన్న చెట్టువేరు తొక్కి పడింది."

"నేర్పడం లేదమ్మా. నేర్పడానికి సిద్ధం చేస్తున్నాను."

"నాకు నేర్పినప్పుడు ఇలా సిద్ధం చెయ్యలేదే!"

"అప్పటికి నేను చదువుకోలేదమ్మా."

మాస్టారి మీద గౌరవం కొద్దీ నూకాలు మాట పెంచలేదు. వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరే వేళకి పిల్లలకి మాస్టారు కోరినంత చదువు పోయింది. ఇక ఉపాయం చెయ్యాలి. మాస్టారు సంతోషంగా పాత పద్ధతిలో దూకడం మొదలుపెట్టబోతే ప్రొఫెసరు అడ్డుపడ్డాడు.

"అది నువ్వు ఎప్పుడూ చేసేదే కదయ్యా! దాంట్లో కొత్తేముంది? బొమ్మలతో చెప్పు. ఆకుల మీద పాము బొమ్మలు గియ్యి. పిల్లలు బొమ్మ చూసి 'పాము' అనాలి. అంటే వచ్చినట్టు లెక్క."

మాస్టారు మామిడాకుల మీద పాములు గీశాడు. మామిడాకు సన్నం, పడగ గీస్తే పక్కలకి పట్టలేదు. పడగ తీసేశాడు. పిల్లలు ఆకు చూడగానే "పాము!" అని కోరస్‌గా అరిచారు. తరవాతి పరీక్షలో అందరూ పాసయ్యారు. పట్టికలో ముందు గడిలో సున్నాలు, తరవాతి గడిలో నూర్లు. ప్రొఫెసరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి మురిసిపోయాడు.

థీసిస్ అయిదు అధ్యాయాలు. రెండోది నిరుడు డాక్టరైన కుందేలు థీసిస్‌లోంచి దించినది. కుందేలు అని ఉన్నచోటల్లా ముంగిస అని మార్చారు. తినే తిండి సంగతి మార్చడం మరిచిపోయారు. అందుకని ఆ అధ్యాయంలో ముంగిసలు గరిక మేస్తాయి. అది ఎవరూ చూడలేదు, ఎవరూ చదవలేదు కనక.

థీసిస్ మీద ప్రశ్నలడిగే వైవాకి బయటి అడవి నుంచి ఒక ఎగ్జామినరు రావాలి. పేరు వినగానే మాస్టారు లేచి నిలబడ్డాడు.

"డాక్టర్ ఫణిభూషణం గారా? ఆయన తాచుపాము కద సార్!"

"అవును. నీ సబ్జెక్టులో ఆయనకి మించిన అనుభవం ఎవరికుంది?"

"సార్, పిల్లలు..."

"అభ్యంతరం రాసిస్తే ఇంకో పేరు రావడానికి ఆరునెలలు పడుతుంది. తొలకరికి ఎన్నాళ్ళుంది?"

తొలకరికి పదిహేను రోజులుంది. మాస్టారు అభ్యంతరం రాయలేదు.

వైవా ముంగిసల బడిలోనే పెట్టారు. తాచుపాము మాస్టారి పీట మీద చుట్టలు చుట్టుకుని కూర్చుంది. థీసిస్ అట్ట చూసి బాగుందంది.

"మీ పరిశోధనకి పరిమితులేమిటి?" అని అడిగింది.

"చిన్న తరగతండి. ఇరవై రెండుమందే పిల్లలు."

"చిన్నదేం కాదు, చాలినంతే ఉంది. ఆ పిల్లలకి ఇప్పుడు పాముని గుర్తుపట్టడం వచ్చునంటారా?"

"వచ్చునండి. నూటికి నూరు."

"చాలా సంతోషం. నేను స్వయంగా చూడాలి. ఒక్కొక్కరినీ లోపలికి పంపండి. గైడూ, మీరూ బయట ఉండాలి. అది నియమం."

మాస్టారు బయటికొచ్చి చెట్టుకింద నిలబడ్డాడు. ఒక పిల్ల లోపలికెళ్ళింది. రెండోది వెళ్ళింది. లోపలినుంచి "మీరెవరండీ?" అని అడగడం వినబడింది. వాళ్ళు చూసిన పాము పచ్చగా, చదునుగా, ఆకంత ఉంటుంది. మూడోది వెళ్ళింది. నాలుగోది పోలి.

డాక్టరు కాబోతున్న తమ పిల్లల మాస్టారిని చూద్దామని తల్లులు కూడా వచ్చారు. ఐదో పిల్ల వెళ్ళాక నూకాలు దగ్గరకొచ్చింది.

"మాస్టారూ, వెళ్ళినవాళ్ళు ఒక్కరూ బయటికి రాలేదు."

"ప్రశ్నలు అడుగుతున్నారేమోనమ్మా."

"లోపల మాటలు కూడా వినబడటం లేదు. మీరొకసారి చూడండి."

లోపల ఏం జరుగుతోందో మాస్టారికి తెలుసు. గుమ్మం దాకా వెళ్ళాడు. వెన్నుమీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. ఎలుగుబంటి ఆయన తోక పట్టుకున్నాడు.

"లోపలికెళితే వైవా రద్దయిపోతుంది. బడి పోతుంది. ఇన్నాళ్ళ కష్టమయ్యా!"

మాస్టారు గుమ్మం దగ్గర కూలబడ్డాడు.

నూకాలు ఆయన్ని ఒక్క క్షణం చూసింది. "అనుమతి లేనివాళ్ళు..." అంటున్న ఎలుగుబంటి కాళ్ళ సందులోంచి దూరి లోపలికి పోయింది. తాచుపాము పొట్ట బరువుతో పీట మీద కదల్లేకుండా ఉంది. నూకాలుని చూసి పడగ ఎత్తింది. నూకాలు అంతదాకా ఆగింది. అది కొట్టింది, నూకాలు పక్కకి దూకింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ దూకింది. మూడోసారికి తల వెనక పట్టుకుని వదల్లేదు.

ఎలుగుబంటి లోపలికొచ్చి, చచ్చిన పాము కిందనుంచి వైవా నివేదిక లాగాడు. కాగితం చివర చూసుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"సంతకం పెట్టాకే పోయారు. ఎంత విధేయులయ్యా, పాపం!"

తరవాత చచ్చిన పామునీ, నూకాలునీ మార్చి మార్చి చూశాడు. మొహం వెలిగిపోయింది. "చూశావా బంగారం లాంటి ఫలితం! ముంగిస పాముని గుర్తుపట్టింది, చంపింది. బొమ్మల పద్ధతి గొప్పదని రుజువైపోయింది. దీన్ని అనుబంధంలో చేర్చు."

"నేను బొమ్మలు చూడలేదు," అంది నూకాలు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

ఎగ్జామినరు మృతికి విశ్వవిద్యాలయం ఒకరోజు సెలవిచ్చింది. పోయిన పిల్లల కోసం సెలవివ్వడానికి వీల్లేదన్నారు, థీసిస్‌లో వాళ్ళని నమూనా అని రాశారట. అప్పలస్వామి తొలకరికి నాలుగు రోజుల ముందు డాక్టరయ్యాడు. ఉత్తర్వు ప్రకారం ఆయన బడి ఆయనకే ఉంది. తొలకరి పడినరోజు తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఒక్క పిల్లా రాలేదు. తల్లులు వాళ్ళని నూకాలు ఇంటికి పంపుతున్నారు. ఆవిడకి డాక్టరేటు లేదని మండలి నోటీసిచ్చింది. అప్పలస్వామిని మిగతా పంతుళ్ళకి పరిశోధన నేర్పడానికి పెద్ద ఉద్యోగంలో వేసింది.

ఇందులో నీతి ఏమిటని అడిగేవాళ్ళకి ఇదే జవాబు: నేర్పినట్టు రుజువు కావాలంటే ముందు మరిపించాలి.

ఆరోజు బడిలో చనిపోయిన పిల్లలు ఐదుగురు.