ఎర్ర కళ్ళ పోస్టరు

డ్రాయింగు మాస్టారు పోయిన రోజే బడిలో మత్తుమందుల వ్యతిరేక వారోత్సవాలు ఘనంగా మొదలయ్యాయి. రెండూ ఒక్కరోజే పడటం నిర్వాహకులకు ఇబ్బందే. అయినా అప్పటికే మైకు కట్టేశారు కనుక రెండు నిమిషాల మౌనంతో సర్దుకున్నారు. సైన్సు టీచరుకు ఆయన సొంత తమ్ముడు. ఆమె ఒక్కతే సర్దుకోలేకపోయింది. పెద్ద మనసుతో ఎవరూ తప్పుపట్టలేదు.

వేదిక వెనక నిలువెత్తు పోస్టరు తమ్ముడు వేసిందే. మత్తుకు బానిసైనవాడికి కళ్ళు ఎర్రగా, జుట్టు రేగి, చొక్కా చిరిగి ఉండాలని కమిటీ సుదీర్ఘంగా చర్చించి తీర్మానించింది. తమ్ముడు తలూపి అలాగే గీశాడు. ఆయనది మాత్రం ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. జేబులో నొప్పి బిళ్ళలు. నడుము ఆపరేషనప్పుడు డాక్టరు రాసిచ్చినవి. నొప్పి తగ్గింది, బిళ్ళలు తగ్గలేదు. పోస్టరులోని లక్షణం ఒక్కటీ లేదు కనుక, తీర్మానం ప్రకారం ఆయన బానిస కాడు.

వారోత్సవాలకు ముందురోజు అక్కను తోడు తీసుకుని ఆయన హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు.

"ఈ బిళ్ళలు మానలేకపోతున్నా సార్. మానితే ఒళ్ళంతా వణుకు. ఆస్పత్రిలో చేరతాను, సెలవిప్పించండి."

"డాక్టరిచ్చింది మందవుతుంది గానీ మత్తుమందెలా అవుతుందయ్యా? బంగారంలాంటి మనిషివి! ముందా పోస్టరు కానివ్వు. కళ్ళకి ఇంకాస్త ఎరుపు కొట్టిచ్చేసి హాయిగా వెళ్ళు."

కొట్టిచ్చాడు. ఇంటికెళ్ళి, నిద్రపట్టక, నొప్పి బిళ్ళల మీద నిద్రమాత్రలూ వేసుకున్నాడు. ఊపిరి నెమ్మదించి నెమ్మదించి నిద్రలోనే ఆగిపోయింది. సంతాప తీర్మానంలో గుండెపోటని రాశారు. అదయితే మర్యాదగా ఉంటుంది.

ముగింపు సభలో పోస్టరుకు మొదటి బహుమతి ప్రకటించి, అందుకుని నాలుగు మాటలు చెప్పమని అక్కను పిలిచారు. ముఖ్య అతిథి గర్జించారు.

"మత్తు అనేది మనసు గట్టిగా లేనివాళ్ళ రోగం! మనకెందుకొస్తుంది?" అని, కణత నొక్కుకుని పక్కకు వంగారు. "తల పగిలిపోతోంది, ఎవరిదగ్గరైనా బిళ్ళుందా?"

వేదిక మీది చేతులన్నీ ఒక్కసారే జేబుల్లోకి వెళ్ళాయి.

"మామూలుదా, గట్టిదా సార్?"

"గట్టిదే ఇవ్వండి. నిన్నటిది పనిచెయ్యలేదు."

అక్క మైకు దగ్గరికి నడుస్తుంటే హెడ్మాస్టరు గొంతు తగ్గించి అన్నారు. "గంజాయి మీద దంచండమ్మా. బిళ్ళల ఊసు మాత్రం వద్దు, తల్లిదండ్రులు హడలిపోతారు."

ఆమె దంచలేదు. "డాక్టరు రాసిన బిళ్ళకైనా మనిషి బానిస కావచ్చు. అది జబ్బు, బుద్ధిలోపం కాదు. వైద్యం ఉంది. ఎవరికి వాళ్ళు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే, డాక్టరు సాయం కావాలి. నా తమ్ముడు ఆ సాయం కోసమే సెలవడిగాడు" అని చెప్పి కూర్చుంది.

చప్పట్లు మోగాయి. ఉచ్చారణ అద్భుతమని ముఖ్య అతిథి మెచ్చుకున్నారు.

సభ ముగిశాక లైబ్రరీ మేడం వచ్చింది. మడత నలగని బట్టలు, చెదరని జుట్టు.

"అక్కా, నావి నిద్రమాత్రలు. ఒకటితో మొదలెట్టా, ఇప్పుడు లెక్కే లేదు. నేనూ సెలవడగనా?"

అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆ గదికే తీసుకెళ్ళింది. హెడ్మాస్టరు నిజంగానే కదిలిపోయారు, కళ్ళు తుడుచుకున్నారు.

"ఇవ్వకేం తల్లీ! వారోత్సవాల నివేదిక రాయాల్సింది మేడమే కదా. అదొక్కటి పైకి పంపగానే ఇచ్చేద్దాం."

నివేదిక పైకి వెళ్ళింది. చాలా బాగుందని, మిగతా బళ్ళకూ మేడమే రాసిపెట్టాలని పైనుంచి కబురొచ్చింది.

సెలవు ఇంకా మంజూరు కాలేదు.