ఆఫ్రికా ఇసుకలో పన్నెండడుగుల ఫ్లెక్సీ

ఫ్లెక్సీలను తిట్టేవాళ్లు ఈ మధ్య మరీ ఎక్కువైపోయారు. ఊరి అందం పాడవుతోందంటారు, ప్లాస్టిక్ అంటారు, పొద్దున్నే ఆ మొహాలు చూడలేక చస్తున్నామంటారు. అయ్యా! అలాంటి వాళ్లందరినీ తీసుకెళ్లి బోట్స్‌వానా అడవిలో, చక్రాలు సగందాకా ఇసుకలో దిగబడిపోయిన బండి పక్కన నిలబెట్టాలి. కాస్త దూరంలో ఒక ఏనుగును కూడా నిలబెట్టాలి. అప్పుడు తెలిసొస్తుంది ఫ్లెక్సీ అంటే ఏమిటో!

కొవ్వూరు సంపూర్ణమ్మ టీచరు గారికి అలాగే తెలిసొచ్చింది.

సంపూర్ణమ్మ గారు హైస్కూల్లో ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పారు. ఏటేటా బోర్డు మీద ఆఫ్రికా పటం గీసేవారు. దాని కింది భాగంలో సుద్దముక్కతో చుక్కలు పెట్టి, "ఇది కలహారి ఎడారి" అనేవారు. పిల్లలు దాన్ని "కలహాల ఎడారి" అని రాసేవారు. ఆవిడ ఎర్ర ఇంకుతో దిద్దేవారు. రిటైరైన రోజు సన్మాన సభ ముగించుకుని ఇంటికొచ్చి, భుజం మీది శాలువా తియ్యకుండానే భర్తతో ఒక మాటన్నారు.

"ఏవండీ, నేను చుక్కలు పెట్టిన చోటు ఒక్కసారి చూడాలండి."

భర్త ఏసుపాదం గారు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరుగా చేసి, అప్పటికి రెండేళ్ల కిందటే రిటైరయ్యారు. రిటైరైనప్పటి నుంచి ఆయన విప్పి బిగించడానికి ఇంట్లో మిక్సీ తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. టూరు బస్సెక్కి, జెండా పట్టుకున్న కుర్రాడి వెనకాల నడిచే యాత్ర ఆయనకు గిట్టదు. జొహన్నెస్‌బర్గ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బండి అద్దెకు తీసుకోవాలన్నారు. బండి నెత్తిన మడత టెంటు ఉంటుందట, పడక అందులోనేనట. బోట్స్‌వానా మీదుగా జింబాబ్వే వెళ్లి విక్టోరియా జలపాతం చూసి, అక్కణ్నుంచి నమీబియాలో తేలాలి. ఇరవై నాలుగు రోజులు. ఇద్దరే.

"అక్కడా మనలాగే ఎడంపక్కన తోలతారు. ఇంకేం భయం?" అన్నారు.

ఇంతవరకూ ఇది మొగుడూ పెళ్లాల సంగతి. కిరణ్ కుమార్ రంగంలోకి దిగాక ఊరి సంగతైపోయింది.

కిరణ్ సంపూర్ణమ్మ గారి తమ్ముడి కొడుకు. వీరబ్రహ్మం గారి వెనకాల తిరగడం అతని పని. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో నిలబడడానికి సిద్ధంగా ఉండడం వీరబ్రహ్మం గారి పని. విమానం టిక్కెట్లు తీసుకున్న వారంలోగా వీధి మొదట మలుపులో ఒక ఫ్లెక్సీ లేచింది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు! "ఆఫ్రికా ఖండ విజయయాత్రకు తరలివెళుతున్న దంపతులకు శుభాకాంక్షలు." దంపతులు ఒక మూల పోస్టు కార్డంత ఉన్నారు. నడిమధ్య వీరబ్రహ్మం గారు చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతున్నారు. కింద ముప్పై ఏడు గుండ్రటి మొహాలు. వెనకాల ఒక పెద్దపులి.

"ఒరేయ్ కిరణూ! ఆఫ్రికాలో పులులుండవురా!" అన్నారు టీచరు గారు.

"లేకపోతే ఏంటత్తయ్యా? సింహాన్ని పెడితే జూలు మా అన్నగారి మొహానికి అడ్డొస్తోందండి."

అంతటితో ఆగలేదు. బయల్దేరే ముందు రోజు ఆ ఫ్లెక్సీని విప్పి, మడతపెట్టి తెచ్చాడు. ప్రతి దేశంలోనూ దాన్ని పరిచి ఫొటో తీసి పంపాలట. వీరబ్రహ్మం గారికి అంతర్జాతీయ స్థాయి వచ్చేస్తుందట! మేనల్లుడు చిన్నబుచ్చుకుంటాడని టీచరు గారు కాదనలేకపోయారు. సామాను బరువు సరిపెట్టడానికి రెండు ఆవకాయ సీసాలు తీసి పక్కన పెట్టాల్సొచ్చింది. ఏసుపాదం గారు వాటివైపు చూసిన చూపు వర్ణించడం కష్టం.

పాఠకులారా, ఆ ఫ్లెక్సీ చేసిన మేలు ఇప్పుడు వినండి.

బోట్స్‌వానా సరిహద్దులో అధికారిణి సామాను వెతికింది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెరిచి, "ఈ కాగితాలేమిటి?" అని అడిగింది. తినే కాగితాలన్నారు టీచరు గారు. ఆమె నమ్మలేదు. ఒకటి నోట్లో పెట్టుకున్నాక నమ్మింది, ఇంకొకటి అడిగి తీసుకుంది. ఆ తర్వాత ఫ్లెక్సీ విప్పించింది. అంత పెద్ద నవ్వు మొహాన్ని చూసి ఏమనుకుందో ఏమో, మిగతా పెట్టెలు తెరవకుండానే ముద్ర కొట్టేసింది!

మొదటి మజిలీలోనే అది చాపైంది. నేలంతా ముళ్లు, పైన పరుచుకుని కూర్చుంటే ఒక్కటీ గుచ్చుకోలేదు. మధ్యాహ్నం పందిరైంది. గాలి వీస్తే స్టవ్వుకు అడ్డమైంది. ఒక కోతి రొట్టె కోసం వచ్చి, పందిరి మీది ముప్పై ఏడు మొహాలను చూసి, ఇక్కడ ఇప్పటికే జనం ఎక్కువున్నారనుకుందేమో, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఏ కంపెనీ టెంటుకుందండీ ఈ శక్తి?

పక్క బండిలోని జర్మనీ దంపతులు మర్యాదగా అడిగారు. "ఆయన మీ దేశపు రాజు గారా?"

"కాదండి. మా వార్డులో కౌన్సిలరుగా నిలబడదామనుకుంటున్నారు" అన్నారు టీచరు గారు అంతకంటే మర్యాదగా.

నాలుగో రోజు కలహారి వచ్చింది. టీచరు గారు బండి ఆపించి దిగారు. పటంలో ఆవిడ పెట్టిన చుక్కల్లాంటిది ఎక్కడా లేదు. నడుమెత్తు పసుపుపచ్చ గడ్డి, పొట్టి చెట్లు, దూరంగా జింకల మంద.

"ఏవండీ, ముప్పై రెండేళ్లు పిల్లలకు తప్పు చెప్పానండి. ఇక్కడ ఇంత గడ్డి ఉందని నాకెవరూ చెప్పలేదు."

"ఇప్పుడు తెలిసిందిగా" అన్నారాయన. చెప్పులోకి చేరిన ఇసుక దులుపుకుంటున్న భార్య మోచెయ్యి పట్టుకున్నారు. మన ఊళ్లో ఆయన ఆ పని నలుగురిలో ఏనాడూ చెయ్యలేదు.

ఇక అసలు ఘట్టం. సవూటి అనే చోటికి అడవిలోంచి వెళ్లే దారి మొత్తం లోతైన ఇసుక. ఇసుక రాగానే టైర్లలో గాలి బాగా తగ్గించాలని బండి ఇచ్చినాయన మూడుసార్లు చెప్పాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు టైర్ల పాఠం చెప్పిన మనిషికి ఒకడు టైర్ల గురించి చెప్పడమా! ఏసుపాదం గారు గాలి తియ్యలేదు. పొద్దున్న పదిన్నరకు బండి ఒక్కసారి మూలిగి, ఇరుసు దాకా దిగబడింది.

గాలి అప్పుడు తీశారు. పారతో తవ్వారు. తవ్విన చోటికి ఇసుక మళ్లీ జారింది. జాకీ పెడితే జాకీయే దిగిపోయింది. కొమ్మలు విరిచి వేస్తే చక్రాలు వాటిని వెనక్కి విసిరికొట్టాయి. ఫోనుకు సిగ్నలు లేదు. రెండు గంటలైనా ఒక్క బండీ రాలేదు. ఆ రెండు గంటల్లోనూ వచ్చింది ఏనుగొక్కటే. అదీ దూరంగా చెట్టు కింద నిలబడి, చెవులాడిస్తూ వీళ్ల పని చూస్తోంది.

ఏసుపాదం గారు పార పక్కన పడేసి ఇసుకలో కూలబడ్డారు. మొహం కందిపోయింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఒక పనిముట్టును అలా పడేయడం సంపూర్ణమ్మ గారు చూడలేదు.

"నిన్ను తీసుకొచ్చి ఇక్కడ పడేశాను సంపూర్ణా. చెప్పిన మాట వినలేదు నేను."

"మీరు తీసుకురాలేదండి, నేనే మిమ్మల్ని లాక్కొచ్చాను. ముందు ఈ నీళ్లు తాగండి." ఆయన తాగేదాకా సీసా ఆవిడే పట్టుకున్నారు. చిన్నగా ప్రార్థన చేసుకున్నారు. కళ్లు తెరిచేసరికి వెనక సీటు మీద వీరబ్రహ్మం గారు సగం మొహంతో నవ్వుతూ కనిపించారు!

కూరగాయల కత్తితో ఫ్లెక్సీని రెండు ముక్కలు చేశారు. ఒక్కొక్కటీ ఎనిమిది మడతలు వేశారు. వెనక చక్రాల ముందు చేతులతో గాడి తీసి, కింద కొమ్మలు పరిచి, పైన ఫ్లెక్సీ దోపారు. కుడి చక్రం కిందికి పోయే ముక్క చూసి ఏసుపాదం గారు సందేహించారు.

"వీరబ్రహ్మం గారి మొహం మీంచే ఎక్కిద్దామంటావా?"

"మన మొహాలు ఎడం చక్రం కింద ఉన్నాయి కదండీ. అందరం సమానమే. తప్పుకోండి."

స్టీరింగు ముందు ఆవిడే కూర్చున్నారు. ఆయన పక్కన నిలబడి, "మెల్లగా... క్లచ్చి మెల్లగా... వదలొద్దు, వదలొద్దు!" అని అరిచారు. చక్రాలు ఒక క్షణం గిలగిల్లాడి, ప్లాస్టిక్కును కరుచుకుని, బండిని గట్టి నేల మీదికి విసిరేశాయి. ఆయన పరుగున వచ్చి ఎక్కారు. ఇద్దరూ కాసేపు నవ్వారు, కాసేపు ఏడ్చారు. ఏనుగు తాపీగా వచ్చి, గుంట వాసన చూసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన దిగి, చినిగిన ఫ్లెక్సీ పేలికలన్నీ ఏరి సంచిలో వేసుకున్నారు. అడవిలో ప్లాస్టిక్ వదలకూడదని గేటు దగ్గర రాసుంది. అలాంటి రాతలు మనకూ ఉన్నాయి కానీ, అక్కడివాళ్లు వాటిని చదువుతారు.

కసానె పట్నం చేరాక ఫోను మోగింది. కిరణ్ మెసేజీలు పదిహేడు. "ఫొటో ఏదత్తయ్యా?"

అబద్ధమాడడం టీచరు గారికి చేతకాదు. "ఫ్లెక్సీ చాలా బాగా పనికొచ్చిందిరా. అది లేకపోతే మేం లేం" అని రాశారు.

కిరణ్ దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు.

మిగతా యాత్రంతా చల్లగా సాగింది. జలపాతం తుంపర్లో తడిశారు. నమీబియాలో బండి ముందు నుంచి మూడు సింహాలు రోడ్డు దాటితే, ఇంజను ఆపి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. ఐదువేల పైచిలుకు కిలోమీటర్లు! ఒంటి మీద గీత పడలేదు.

రాజమండ్రిలో దిగి, వంతెన దాటి ఇంటికొచ్చేసరికి మలుపులో కొత్త ఫ్లెక్సీ స్వాగతం చెప్పింది. ఇరవై అడుగులు! "ఆఫ్రికాలో మన నాయకుని కీర్తి చాటి క్షేమంగా తిరిగొచ్చిన దంపతులకు సుస్వాగతం." రోడ్డంచు దాకా వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకు ఏసుపాదం గారు స్కూటరు మీద పాలకు వెళ్లారు. మలుపు అవతలి నుంచి స్కూలు ఆటో వచ్చింది. సింహాలను చూడగలిగిన మనిషికి ఆటో కనిపించలేదు. ఆటో డ్రైవరుకూ ఆయన కనిపించలేదు. రెండూ గుద్దుకుని ఏసుపాదం గారి కుడి కాలి ఎముక విరిగింది. పిల్లలను ఎక్కించుకోవడానికి వెళ్తున్న ఆటో కాబట్టి ఖాళీగా ఉంది. పది నిమిషాల తర్వాతైతే ఎనిమిది మంది ఉండేవాళ్లు.

అయినా ఫ్లెక్సీని తప్పు పట్టగలమా? దాని అవతల నుంచి రావడం ఆటో తప్పు కాదా?

ఆసుపత్రిలో భర్తకు కట్టు కట్టించి, సంపూర్ణమ్మ గారు ఇంటికొచ్చి కత్తి తీసుకుని మలుపులోకి నడిచారు. తాళ్లు కోశారు. ఫ్లెక్సీ చించడం మొదలుపెట్టారు. జనం మూగారు.

"టీచరు గారూ, అది వీరబ్రహ్మం గారిదండి! గొడవైపోతుందండి!"

"ఇందులో నా మొహం ఉంది. నా మొహం నేను చించుకుంటున్నాను. ఎవరడుగుతారో రమ్మనండి."

ఎవరూ రాలేదు. దాని వెనక ఇంకొకటి ఉంది, వీరబ్రహ్మం గారి పుట్టినరోజు. దాని వెనక ఒక ఓణీల ఫంక్షన్, ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు. దాని వెనక ఎప్పటివో నూతన సంవత్సర శుభాకాంక్షలు. అన్నిటికీ వెనక, తుప్పు పట్టిన ఇనుప బోర్డు. "ప్రమాదకరమైన మలుపు. పాఠశాల ఉంది. నెమ్మదిగా వెళ్లండి."

ఆటో డ్రైవరు నోరెళ్లబెట్టాడు. "ఇక్కడ బోర్డుందా అండి? తొమ్మిదేళ్లుగా తోలుతున్నానండి ఈ రోడ్డులో!"

కిరణ్ పరుగెత్తుకొచ్చాడు. మావయ్య కాలి సంగతి విని తల దించుకున్నాడు. "తప్పయిపోయింది అత్తయ్యా" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆవిడ నమ్మారు. నిజంగానే ఏడ్చాడు మరి.

మూడు రోజులపాటు మలుపు తెరిపిన పడింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కనిపించారు. పిల్లలు బోర్డు కూడబలుక్కుని చదివారు.

నాలుగో రోజు ఏసుపాదం గారిని ఆటోలో ఇంటికి తీసుకొస్తుంటే, మలుపులో ముప్పై అడుగుల ఫ్లెక్సీ ఎదురైంది. చేతిలో కత్తితో సంపూర్ణమ్మ గారు, పక్కన చేతులు జోడించిన వీరబ్రహ్మం గారు. "ఫ్లెక్సీల నిర్మూలనకు నడుం బిగించిన ఆదర్శ ఉపాధ్యాయినికి జేజేలు!"

కిరణ్ ఆటో పక్కకొచ్చి నిలబడ్డాడు. "అంత మంచి పని చేశారు కదత్తయ్యా! నలుగురికీ తెలియకపోతే ఎలాగండి?"

టీచరు గారు ఏదో అనబోయారు. ఫ్లెక్సీ అవతలి నుంచి ఎవరో గట్టిగా హారను కొట్టారు. ఎవరో మాత్రం కనిపించలేదు.