తొమ్మిది పేజీల అనుమతి

శనివారం పొద్దున పదింటికి తనిఖీ అధికారి వస్తాడు. ఆయన కళ్లెదుట డాబా మీంచి డ్రోను లేవాలి, వీధి చివరి నీళ్ల ట్యాంకు పగులును ఫోటో తీయాలి, తిరిగొచ్చి లేచిన చోటే దిగాలి. పన్నెండు లోపు లైసెన్సు చేతికొస్తుంది. ఇదీ ఆ ఇంటాయన వేసుకున్న పథకం. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పులన్నీ ఆయన ముందుజాగ్రత్తలో ఉన్నాయి.

వీధిలో అందరూ ఆయన్ని చట్టం అంటారు. నరమానవుడు లేని కూడలిలో కూడా ఎర్రదీపం వెలిగితే సైకిలు దిగి నిలబడే మనిషి. చట్టం తన పని తాను చేసుకుపోతుందని కుర్రాళ్లు వెనక నుంచి అంటుంటారు. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటాడు. రెండేళ్ల కిందట ఫ్యాక్టరీలో డిజైను ఉద్యోగం వదిలేసి, వెనక గదిలో కూర్చుని ఈ డ్రోనును తయారుచేశాడు. ఊళ్లో ట్యాంకులన్నీ పరీక్షించే పని ఇస్తామని పురపాలక సంఘం వాళ్లు మాటిచ్చారు, కానీ లైసెన్సు ఉంటేనే. అధికారి మళ్లీ వచ్చేది ఆరు నెలలకి. ఈలోపు ఆ పని ఇంకెవరో తన్నుకుపోతారు.

డ్రోనుది అచ్చం యజమాని పోలికే. మనిషి ముఖం కనబడితే కెమెరాను పక్కకు తిప్పేసుకుంటుంది. లేచిన చోట తప్ప పరాయి స్థలంలో దిగదు. అక్కడ కూడా పదడుగుల లోపల మనుషులుంటే దిగదు. బలవంతంగా దింపే మీట రిమోటులో లేదు. కోపమొస్తే తానే నొక్కేస్తానేమోనని ఆయనకు తన మీదే అనుమానం.

ఎగరేయాలంటే చుట్టుపక్కల పద్నాలుగు ఇళ్లవాళ్ల అనుమతి కావాలి. దానికి అర పేజీ చాలు. చట్టం తొమ్మిది పేజీలు రాశాడు. భార్య బీమా ఆఫీసులో పరిహారాల దస్త్రాలు చూస్తుంది. చివరి అక్షరం దాకా చదవనిదే మందుసీసా మూత కూడా తియ్యదు. ఆ శనివారం సెలవు కావడంతో పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేస్తూ ఒక మాట అంది.

"ట్యాంకు ఫోటో తీస్తాం, మీ ఇళ్ల జోలికి రామని చెప్పండి. సరిపోతుంది."

"అలా పైపైన చెప్పడం ధర్మం కాదు. ఎవరి హక్కులు వాళ్లకి తెలియాలి" అన్నాడు చట్టం.

పోనీ నాకూ ఒక కాగితం ఇవ్వండి, చదువుతానంది ఆవిడ. ఇంట్లో మనిషివి, నీకు అనుమతి పత్రమేమిటని నవ్వేసి చెప్పులేసుకున్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా.

మొదట ఎదురింటి దర్జీ దగ్గరికి వెళ్లాడు. 'డ్రోను మీ కిటికీలోంచి తొంగిచూడదు. మీ స్నానాల గది వైపు తిరగదు. మీ మాటలు వినదు. మీ ఇంటిమీద ఏదీ జారవిడవదు' అని మొదటి పేజీలోనే ఉంది. దర్జీ రెండుసార్లు చదివాడు. అప్పటిదాకా ఆకాశం వైపు చూస్తే అతనికి వాన భయమే తప్ప ఇంకో భయం లేదు.

"ఇన్నాళ్లూ చూసేదాండీ?" అన్నాడు.

"లేదయ్యా. చూడదని హామీ ఇస్తున్నాను."

"చూడనిదానికి హామీ ఎందుకండీ మరి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది వ్యవహారం. అయినా దర్జీ సంతకం పెట్టాడు, ఏడో నిబంధన చూసి. సంతకం చేసినవారికి, డ్రోను ఎగురుతున్నంతసేపూ డాబా మీదికొచ్చి, దాని కెమెరాకు కనబడేదంతా చూపే తెర చూసే హక్కు ఉంటుందని అందులో ఉంది. మన ఇల్లు కనబడకపోయినా పక్కిల్లు కనబడకపోతుందా అని దర్జీ ఆశ.

మూలింటి లెక్కల మాస్టారు, కెమెరా ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో రాయించుకుని గాని కలం తియ్యలేదు. ఇలా ఒక్కో సంతకం పడేకొద్దీ వీధిలో చెవులు కొరుక్కోవడం ఎక్కువైంది. ఎనిమిదింటికి డ్రోను తొంగిచూస్తుందట అన్నారు. ఎనిమిదిన్నరకి మూడు నెలలుగా చూస్తోందట అన్నారు. తొమ్మిదింటికల్లా, ఆ అధికారి వస్తున్నదే చట్టాన్ని పట్టుకుపోవడానికట అని తేల్చారు. కిటికీలకు దుప్పట్లు పడ్డాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పేదో మనవాడే అచ్చువేయించి ఇంటింటికీ పంచాడు.

ఏమైతేనేం, పద్నాలుగు సంతకాలూ వచ్చాయి. అధికారీ వచ్చాడు. సన్నగా, పొదుపుగా మాట్లాడే మనిషి; చేతిలో నోటుపుస్తకం. డ్రోను లేచింది, తిన్నగా ట్యాంకు దగ్గరికెళ్లి పగులును వెంట్రుకవాసి తేడా లేకుండా ఫోటో తీసింది. అధికారి తలూపి ఏదో రాసుకున్నాడు. చట్టానికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పద్నాలుగు ఇళ్లవాళ్లూ ఏడో నిబంధన ప్రకారం పిల్లాజెల్లాతో డాబా మీదికొచ్చి తెర చుట్టూ మూగారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే తలలెత్తి డ్రోను కోసం చూశారు. తిరిగొస్తున్న డ్రోను నలభై ముఖాలు ఒక్కసారిగా చూసి, మర్యాదగా కెమెరాను ఆకాశం వైపు తిప్పేసుకుంది. తెర మీద మబ్బులు తప్ప ఏమీ లేవు.

"చూశారాండీ, మా ఇళ్లు దాచేసి మబ్బులు చూపిస్తున్నాడు" అని దర్జీ అధికారితో ఫిర్యాదు చేశాడు.

చట్టం అందరినీ కిందికి వెళ్లమని బతిమాలాడు. మాస్టారు తన కాగితం పైకెత్తి, ఇది మీరు రాసిందే కదా అన్నారు. జనం ఉంటే డ్రోను దిగదు. డ్రోను దిగితే గాని జనం కదలరు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. బ్యాటరీ ఆరు నిమిషాలకు వచ్చింది. బలవంతంగా దింపే మీట లేదా అని అధికారి అడిగాడు. దుర్వినియోగం చేస్తానని పెట్టుకోలేదండి అన్నాడు చట్టం. అధికారి ఈసారి చాలాసేపు రాసుకున్నాడు. రెండేళ్ల కష్టం నెత్తిమీద గిర్రున తిరుగుతోంది, దిగడం లేదు. మనవాడికి ఏడుపొక్కటే తక్కువ.

బ్యాటరీ మూడు నిమిషాలుందనగా భార్య ఒక కాగితాల కట్ట పట్టుకుని పైకొచ్చింది. గొంతు పెంచలేదు.

"ఉండేవాళ్లు ఉండొచ్చండీ. కాకపోతే అది దిగేటప్పుడు పదడుగుల లోపల ఉన్నవాళ్లు ఇంకో ఫారం నింపాలి. ఇదీ తొమ్మిది పేజీలే. పిల్లలకు విడిగా."

దర్జీకి కుట్టాల్సిన చొక్కాలు గుర్తొచ్చాయి. మాస్టారికి మాత్రల వేళ గుర్తొచ్చింది. నిమిషంలో డాబా ఖాళీ అయింది. డ్రోను బుద్ధిగా లేచిన చోటే దిగింది. ఆ కట్ట బీమా ఆఫీసు పాత కరపత్రాలని తర్వాత తెలిసింది.

అధికారి ఫోటోలు, సంతకాలు అన్నీ చూసేసరికి పదకొండున్నర అయింది. ఒక్క ముఖం లేదు, ఒక్క కిటికీ లేదు. మీట సంగతి ఆర్నెల్లలో సరిచేసుకోమని చెప్పి ముద్ర బయటకు తీశాడు. తీసి ఆగాడు.

"ఈ డాబా ఎవరిది?"

"మా ఆవిడదండి. ఇల్లు తన పేరునే ఉంది" అన్నాడు చట్టం. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

"లేచిన స్థలం యజమాని సంతకం లేదే. పన్నెండుకు నేను బయల్దేరాలి."

భార్య కళ్లజోడు తెచ్చుకుని, కుర్చీ లాక్కుని, మొదటి పేజీ తీసింది. గడియారం పావు తక్కువ పన్నెండు చూపించేసరికి రెండో పేజీ మధ్యలో ఉంది. చట్టం వంగి ఆమె చెవి దగ్గర, పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అన్నాడు.

"చదవక్కర్లేదు. చివర్లో పెట్టెయ్."

ఆమె కళ్లజోడు మీదుగా చూసింది. "చదవకుండానా? మరి నా హక్కులు నాకు తెలియొద్దూ?"

చట్టం తలొంచుకున్నాడు. పొద్దున నిన్ను అడగాల్సింది, తప్పు నాదే అని గొణిగాడు. ఆమె తొమ్మిది పేజీలకూ అడ్డంగా గీత కొట్టి, చివరి కాగితం వెనక ఒక వాక్యం రాసి సంతకం పెట్టింది: ట్యాంకు ఫోటో తీస్తాం, ఎవరి ఇంటి జోలికీ రాము. అధికారి చదివి, నియమం అడిగేది ఈ ముక్కే కదా అంటూ ముద్ర వేశాడు. బాధ్యత వహించే వ్యక్తి అన్న గడిలో ఆమె పేరు రాసుకుని పన్నెండుకు బయల్దేరాడు.

ఇప్పుడు చట్టం డ్రోను ఎగరేయాలంటే ఇంట్లో ఒక్క సంతకం చాలు. ఆవిడ చదివాకే పెడుతుంది.