రాణి కోసం పెట్టిన మందు

పాట వినాలంటే రేడియో వేడెక్కేదాకా ఆగాలి. అవసరంగా కబురు పంపాలంటే ఫోనున్న వాళ్ళ గుమ్మం ఎక్కి బతిమాలాలి. ఆ రోజుల్లో ఒక ఆదివారం ఉదయం, పేటలో అందరి రేడియోలూ బాగుచేసే మెకానిక్కు తన సొంత రేడియో బాగుచేసుకుందామని వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాడు. ఆ రేడియో గొంతు పోయి ఏడాది దాటింది. ఇంటి వస్తువు కాబట్టి దాని వంతు ఎప్పటికీ రాలేదు.

"సాయంత్రానికి వచ్చేస్తానండీ" అంటూ భార్య ట్రంకు పెట్టె పట్టుకుని బయల్దేరింది. ఆమె ఆఫీసు స్నేహితురాలు ఇల్లు మారుతోంది. సామాన్లు సర్దడానికి పెట్టెలు చాలడంలేదంటే, మనదుందిగా అని ఈవిడ మాటిచ్చింది.

"ఈ రోజైనా దాన్ని మాట్లాడించండి. ఇంట్లో నేనొక్కదాన్నే వాగుతున్నట్టుంది" అని గుమ్మం దిగింది.

స్పిరిట్ సీసా మూత తీసి, దూదితో రేడియో భాగాలు ఒక్కొక్కటే తుడుస్తుంటే స్క్రూ ఒకటి చేజారి దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. దాని కోసం వంగిన మెకానిక్కుకి ద్వారబంధం మొదట్లో గుప్పెడు పొట్టు కనిపించింది. రంపం కింద రాలినట్టు పొడిపొడిగా ఉంది. పైకి చూశాడు. ద్వారబంధంలో శనగగింజంత కన్నం. అందులోంచి ఒక పెద్ద నల్లచీమ తల బయట పెట్టి, నోట్లో ఉన్న కర్రపొడి కిందికి వదిలి, చెత్త పారబోసి లోపలికి పోయే ఇల్లాలిలా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మెకానిక్కు స్క్రూ సంగతి మరిచిపోయాడు. అది మామూలు తలుపు కాదు, మామగారు చేసిన తలుపు.

మామగారు పేరుమోసిన వడ్రంగి. కూతురి ఇల్లు పూర్తయినప్పుడు ఆ తలుపూ ద్వారబంధమూ ఇంకొకరిని తాకనివ్వకుండా తానే చేసి, తానే బిగించి, ఒకసారి మూసి, ఒకసారి తెరిచి, "జాగ్రత్తగా వాడుకోండి" అని వెళ్ళిపోయారు. ఆయనకీ అల్లుడికీ మధ్య అప్పటిదాకా జరిగిన సంభాషణల్లో అదే పెద్దది. కర్ర పని తెలిసినవాడికి తీగల పని చేసేవాడితో ఏం మాట్లాడాలో తెలియదు. రెండోవాడికి భయం.

చీమనొకదాన్ని అగ్గిపెట్టెలో బంధించి, మెకానిక్కు వీధి చివరి పురుగుమందుల కొట్టుకి పరిగెత్తాడు.

"చెదలా?" అని అడిగాడు.

కొట్టాయన అగ్గిపెట్టె తెరిచి చూశాడు. "చెదలైతే కర్ర తింటాయండీ. ఇవి తినవు, తొలుస్తాయి. తొలిచి లోపల గదులు కట్టుకుంటాయి. అందుకే వీటిని వడ్రంగి చీమలంటారు. పైపైన మందు కొట్టారో, నాలుగు చచ్చి మిగతావి ఇల్లంతా చెదిరిపోతాయి. ఈ పొడి కాస్త పంచదార నీళ్ళల్లో కలిపి అవి నడిచే దారిలో పెట్టండి. అవే తాగి, తీసుకెళ్ళి లోపలున్న రాణికి పడతాయి. రాణి చచ్చేదాకా వదలకూడదు."

"తలుపు ఊడదీయాల్సొస్తుందా?"

"రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు కొట్టాయన, అటూ ఇటూ కాకుండా.

ఊడదీసిన తలుపు మామగారి కంటపడితే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం అల్లుడికి లేదు. ముందుగా చెప్పి ఊడదీయడమే మర్యాద. అత్తవారింటి పక్కన పిండిమర ఉంది, మరలో ఫోనుంది. కొట్టులోంచే ఫోను చేశాడు. అవతల మర గిర్రున తిరుగుతోంది.

"వడ్రంగి చీమలండీ!" అని అరిచాడు. "తలుపు తొలిచేస్తున్నాయి! మందు తెచ్చాను! రాణి చచ్చేదాకా వదలకూడదు! అవసరమైతే తలుపు ఊడదీస్తాను, మామయ్యగార్ని ఏమీ అనుకోవద్దని చెప్పండి!"

"ఆఁ, ఆఁ, వడ్రంగిగారికేగా! చెప్తాను!" అని అవతల మర ఆయన ఫోను పెట్టేశాడు.

చీమలు మరలో పడి పిండైపోయాయి. మిగిలిన మాటల్ని ఆయన పొల్లు పోకుండా చేరవేశాడు. "వడ్రంగిగారూ, మీ అల్లుడు మందు తెచ్చుకున్నాడట. ఎవరో రాణట, చచ్చేదాకా వదలడట. తలుపు ఊడబెరుకుతాడట. మిమ్మల్ని మాత్రం ఏమీ అనుకోవద్దన్నాడు. పాపం, మర్యాదస్తుడే."

మామగారు చేతిలో ఉలి కింద పెట్టి, "తలుపు ఊడబెరుకుతాడా?" అన్నారట.

"మీ తలుపు మంటగలిసిపోనూ! రాణి ఎవరో అడగరేమండీ?" అని అత్తగారు అప్పటికే చెప్పులు వేసుకున్నారట.

ఇవేవీ తెలియని అల్లుడు ఇంటికొచ్చి, పంచదార నీళ్ళల్లో పొడి కలిపి, సాసర్లో పోసి గుమ్మం దగ్గర పెట్టాడు. చీమలు సాసరు చుట్టూ తిరిగి, వాసన చూసి, ఏదో మొహమాటం ఉన్నట్టు వెళ్ళిపోతున్నాయి. బోర్లా పడుకుని, చుక్క నీళ్ళు వేలితో తీసి ఒక చీమ ముందు పెట్టి బుజ్జగించడం మొదలుపెట్టాడు. పక్కన స్పిరిట్ సీసా మూత తీసే ఉంది.

బస్సు దిగి వస్తున్న అత్తామామలకి ముందు పక్కింటావిడ ఎదురైంది. "మీ అమ్మాయా? పొద్దున్నే పెట్టె పట్టుకుని వెళ్ళిందండీ. ఎక్కడికమ్మా అంటే, 'సర్దుకోవాలి కదండీ, తప్పుతుందా' అంది."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. మామగారు పనిముట్ల సంచి భుజం మార్చుకున్నారు. ఇద్దరూ గేటు తెరిచేసరికి అల్లుడు గుమ్మానికి అడ్డంగా బోర్లా పడి ఉన్నాడు. వరండా అంతా గుప్పుమని వాసన.

"తాగమ్మా, తాగు" అంటున్నాడు. "నువ్వు తాగి, మీ రాణికి కూడా పట్టు."

"అయ్యో అయ్యో!" అన్నారు అత్తగారు.

అల్లుడు ఉలిక్కిపడి లేచి, చొక్కా దులుపుకున్నాడు. మామగారు ఇంత త్వరగా వచ్చారంటే కబురు అందిందన్నమాట, తలుపు గురించి ఆందోళనతో వచ్చారన్నమాట అనుకున్నాడు.

"ఏది రాణి?" అన్నారు మామగారు.

"లోపలే ఉంది మామయ్యగారూ."

"లోపలే!"

"ఇంకా కంటపడలేదండీ. తలుపు తీస్తే గానీ బయటపడదేమో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిపైనే అయుంటుంది. మాకే ఇవాళ తెలిసింది."

"మాకే అంటే, అమ్మాయికి తెలుసా?" అన్నారు అత్తగారు.

"ఇంకా తెలీదండీ. సాయంత్రం వచ్చాక మెల్లగా చెప్దామని. అసలే సున్నితం కదా, మీరు చేసిచ్చిన తలుపు."

"ఒక్కతేనా?" అన్నారు మామగారు పళ్ళు బిగించి.

"రాణి ఒక్కతేనండీ. మిగతా అంతా పనివాళ్ళే. వందల్లో ఉంటారట."

అత్తగారు మెట్టు మీద కూలబడ్డారు. ఆవిడ్ని ఓదార్చాలనిపించింది అల్లుడికి. "కంగారుపడకండి అత్తయ్యగారూ, ఈపాటికి గుడ్లు కూడా పెట్టేసే ఉంటుంది, అయినా మందు పనిచేస్తుందన్నారు."

అత్తామామలు మొహమొహాలు చూసుకున్నారు.

"గుడ్లా?" అన్నారు మామగారు.

అల్లుడు ద్వారబంధంలో కన్నం చూపించాడు. సరిగ్గా అప్పుడే ఒక నల్లచీమ తల బయట పెట్టి, మామగారి చెప్పు మీద కర్రపొడి పోసి వెళ్ళింది.

అత్తగారు ఏడుపు ఆపలేక, నవ్వు పట్టలేక ఎక్కిళ్ళు పెట్టారు. మామగారు నవ్వలేదు. అల్లుడు మంచివాడని తేలిన సంతోషం ఆయన మొహంలో కాసేపే నిలిచింది. "నా తలుపులో చీమలా?" అని సంచి దించి, ఆయనా గుమ్మం దగ్గర బోర్లా పడుకున్నారు. వేలి కణుపుతో ద్వారబంధం పొడుగునా కొట్టి, చెవి ఆనించి విన్నారు.

"ఇది విడిదిల్లు అల్లుడుగారూ. అసలు కాపురం ఇక్కడ లేదు. ఎండిన కర్ర ఇది. ఎక్కడో తడిసిన కర్ర ఉండాలి."

ఇద్దరూ చీమల బారు వెంట నడిచారు. అది గోడవారగా పోయి, మూల తిరిగి, పెరట్లో కారే కొళాయి పక్కనున్న పాత బల్ల కాలు ఎక్కి మాయమైంది. బల్ల మీద ఉతకాల్సిన బట్టల బకెట్టు ఉంది.

మామగారు ఆగిపోయారు. "ఇది ఇక్కడికెలా వచ్చింది?"

అది ఆయన పనిబల్లే. పని నేర్చిన కొత్తలో తనకోసం తాను చేసుకున్నది. అంచులు అరిగి, కాళ్ళు కదులుతున్నాయని పొయ్యిలోకి పనికొస్తుందని తీసి పక్కన పడేశారు.

"మీ అమ్మాయి తెచ్చుకుందండీ" అన్నాడు అల్లుడు. "ఎందుకూ అంటే చెప్పలేదు."

"ఎందుకేమిటి?" అన్నారు వెనకే వచ్చిన అత్తగారు. "చిన్నప్పుడు అది పడుకునేది దీని కిందేగా. పొట్టు పోగేసుకుని పరుపులా వేసుకునేది. ఈయన పైన చిత్రిక పడుతుంటే కింద ఒళ్ళు మరిచి నిద్రపోయేది."

"అది పడుకుంటే మెల్లగా పట్టేవాణ్ణి" అన్నారు మామగారు, ఎవరివైపూ చూడకుండా.

ఉలి పెట్టి ఆయనే బల్లని చీల్చారు. లోపల ఎడమా కుడీ గదులు, గదికీ గదికీ మధ్య సన్నటి దారులు, అన్నీ అద్దంలా నున్నగా ఉన్నాయి. నడిమి గదిలో మిగతావాటికంటే రెట్టింపు ఉన్న చీమ ఒకటి, గుడ్ల మధ్య. ఆయన గది గోడ మీద వేలు పెట్టి నిమిరారు.

"చూశారా, గరుకన్నది లేదు. మా పెద్దాడికి పాతికేళ్ళుగా చెప్తున్నాను ఇలా పట్టరా అని."

ముక్కలన్నీ పెరటి మూల పోగేసి నిప్పు పెట్టారు. ఒక్క కాలు మాత్రం, చీమలు పట్టనిది, మామగారు తీసి పక్కన పెట్టుకున్నారు. సాయంత్రం భార్య ఖాళీ పెట్టెతో వచ్చేసరికి తండ్రీ మొగుడూ మసి మొహాలతో మంట చుట్టూ నిలబడి ఉన్నారు.

"నా బల్ల! నా బల్లేం చేశారు?"

అత్తగారు రాణి కథంతా చెప్పారు. భార్య నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తడి నవ్వుదో బల్లదో అడిగేంత ధైర్యం ఇద్దరు మగాళ్ళకీ లేకపోయింది.

"కొత్తది చేసిస్తానమ్మా" అన్నారు తండ్రి.

"అదే బల్ల ఎలా అవుతుంది నాన్నా?"

ఆయన ఆ కాలు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. అత్తగారు మర్నాడు ఊరెళ్ళారు. మామగారు వెళ్ళలేదు. విడిదింట్లో మిగిలిన చీమలు మందు తాగుతున్నాయో లేదో ఎవరో ఒకరు చూడాలన్నారు.

అలా రోజూ పొద్దున్న మామా అల్లుడూ కాఫీ గ్లాసులతో గుమ్మానికి అటొకరు ఇటొకరు కూర్చునేవారు. మొదట చీమల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కర్ర గురించి. డబ్బా కర్రని బట్టి రేడియో గొంతు ఎలా మారుతుందో అల్లుడు చెప్తే, మామగారు రేడియో డబ్బా విప్పించి చూసి, వెనక పలక మార్చారు. పగలంతా పెరట్లో చిత్రిక చప్పుడు, వరండాలో రేడియో గరగర. ఒక మధ్యాహ్నం రేడియో ఉన్నట్టుండి పాడింది. మామగారు చిత్రిక ఆపి, పాట అయ్యేదాకా విని, "గొంతు బాగుంది" అన్నారు. ఆ మాట అల్లుడు రాత్రి భార్యకి చెప్పాడు, తెల్లారి మళ్ళీ చెప్పాడు.

కొత్త బల్ల తయారైంది. మూడు కాళ్ళు కొత్తవి, ఒకటి పాతది. కొళాయి కారడం ఆగింది. గుమ్మం దగ్గర పొట్టు రాలడం కూడా ఆగింది. ఇంక ఉండటానికి కారణం కనబడక, మామగారు సంచి సర్దుకుని, తలుపు ఒకసారి మూసి, ఒకసారి తెరిచి, బస్సెక్కారు.

ఆ తర్వాత ఇల్లు ఎంత బోసిపోయిందంటే, మెకానిక్కు రోజూ లేవగానే గుమ్మం కింద వంగి చూసేవాడు. పొట్టు లేదు. ద్వారబంధం మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించేవాడు. చప్పుడు లేదు. చివరికి ఒక ఆదివారం, భార్య స్నానానికి వెళ్ళినప్పుడు, వంటింట్లోంచి గుప్పెడు పంచదార తెచ్చి ద్వారబంధం మొదట్లో చల్లాడు.

సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఎదురుచూశాడు. మనకి కావలసి వచ్చినప్పుడు చీమ కూడా గుమ్మం తొక్కదు.