పోని డిస్క్ దొరికిన కథ

మొదటి లారీ గేటు దగ్గరికి వచ్చేలోపు కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేసి, క్యాంటీన్‌లో వేడివేడి ఉప్మా తినాలి. ఆ పొద్దున కంప్యూటర్ పనులు చూసే బర్నబా వేసుకున్న పథకం అంతే. పటాన్‌చెరు దగ్గరి ఆ ప్లాస్టిక్ డ్రమ్ముల ఫ్యాక్టరీలో బిల్లులు, హాజరు, స్టాకు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. దానిలో లెక్కలన్నీ దాచే రెండు డిస్కులు కాడికి కట్టిన జోడెద్దులు. ఒకటి లేకపోతే రెండోది అడుగు వేయదు.

మార్పు సజావుగానే అయింది. మళ్లీ ఆన్ చేస్తే మాత్రం నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒకే వాక్యం తేలింది: ఒక డిస్క్ కనబడటం లేదు.

జబ్బు ఏమిటో బర్నబాకు వెంటనే తెలిసింది. నిద్ర లేవగానే రెండో ఎద్దును కేకేసే అలవాటును కొత్త వెర్షన్ మరిచిపోయింది. పెన్‌డ్రైవ్‌తో లేపి, ఆ కేక మళ్లీ నేర్పితే సరి. అరగంట పని. అతను సొరుగు లాగుతుండగా మేనేజర్ మహేంద్ర వెనక నిలబడి తెర చదివాడు. అదే కొంప ముంచింది.

"డిస్క్ మిస్సింగా? ఎవడెత్తుకపోయిండు?"

"ఎవ్వరెత్తుకపోలే సార్. లోపల్నే ఉంది. దీనికి కనబడ్తలేదు, గంతే."

"కంప్యూటర్ కంటె నీకెక్వ తెల్సా?"

"పెట్టె ఇప్పి చూపిస్త సార్."

"ముట్టకు! వేలిముద్రలు పోతయ్."

గదికి తాళం పడింది. తర్వాత గేటుకూ పడింది. నైట్ షిఫ్టు వాళ్లు లోపల, పొద్దుటి షిఫ్టు వాళ్లు బయట. సెక్యూరిటీ బాలరాజ్ టిఫిన్ డబ్బాల మూతలు తీసి పచ్చిపులుసులో డిస్క్ వెతికాడు. రోడ్డు మీద జనాన్ని చూసిన లారీ డ్రైవర్లు సమ్మె అనుకున్నారు. ఆ మాట ఫ్యాక్టరీ ఓనరు సేటు చెవిన పడింది. సమ్మె కాదని నమ్మించడానికి మహేంద్ర దొంగతనం అన్నాడు. దొంగతనం అన్నాక దొంగ కావాలి కదా.

రాత్రి ఆ గది ఊడ్చింది బొంతపల్లి నర్సింహమ్మ. కాంట్రాక్టు మనిషి. మహేంద్ర ఆమెను పిలిపించాడు.

"ఏం తీసినవ్?"

"చెత్త తీసిన సారూ. గదే గద నా పని."

"డిస్క్ యాడ పెట్టినవ్?"

"గదెట్లుంటదో జెర సూపియ్యి. అప్పుడు చెప్త తీసిన్నో లేదో." ఆమె బర్నబా వైపు తిరిగింది. "అన్నా, నువ్వన్న చెప్పు. నా నౌకరి పోతది."

"తప్పు నాది సార్, వెర్షన్ మార్చింది నేను. తాళంచెవి ఇయ్యిండ్రి, ఆమెను ఇడ్సిపెట్టుండ్రి."

"దొంగలను ఎనకేసుకొస్తున్నవా?"

లారీలు కదలాలని సేటు అరిచాకే తాళంచెవి చేతికొచ్చింది. బర్నబా పెన్‌డ్రైవ్ గుచ్చి, అరగంటలో కంప్యూటర్‌ను లేపాడు. పెట్టె విప్పి రెండు డిస్కులనూ చూపించాడు.

మహేంద్ర వెంటనే సేటుకు ఫోన్ చేశాడు. "దొరికింది సార్!"

"దొరుకుడేంది సార్? అస్సలు పోనేలే గద!"

"పోకుంటె ఎట్ల దొరికింది?"

బర్నబా పెట్టె మూత మళ్లీ బిగించాడు.

సాయంత్రం సేటు మహేంద్రకు శాలువా కప్పాడు. రేపటి నుంచి రావొద్దని నర్సింహమ్మకు కాంట్రాక్టర్‌తో చెప్పించారు. ఆమె చీపురును గోడకు ఆనించింది.

"గా డిస్క్ ఎట్లుంటదో నాకు ఇంకా సూపియ్యనేలే అన్నా," అని వెళ్లిపోయింది. బర్నబా తల ఎత్తలేదు.

అతను ఇంటికి వెళ్లాక మహేంద్ర మరో జాగ్రత్త తీసుకున్నాడు. మళ్లీ దొంగలు పడకుండా ఎలక్ట్రీషియన్‌తో రెండో డిస్క్ ఊడదీయించి, తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున తెర మీద అదే వాక్యం. ఈసారి కంప్యూటర్ చెప్పింది నిజమే. అనుమానించడానికి నర్సింహమ్మే లేదు.