రెండో పేజీ మీద ముద్ర

తూకాలమ్మ ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నది. టీ తాగడం, ప్రయాణం పెట్టెలో ఏమేం పెట్టుకోవాలో ఒక కాగితం మీద రాసుకోవడం, తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండడం. ప్రయాణానికి ఇంకా మూడు వారాల గడువుంది.

ఆమె ఉద్యోగం తూనికల పరీక్షశాలలో. దుకాణాల త్రాసులు నిజం చెబుతున్నాయో లేదో చూసేది ఆమే. దానికి వాడే తూకపు రాళ్ళు పేరుకే రాళ్ళు, నిజానికి ఇత్తడివి. వేలి చెమట అంటినా బరువు మారుతుందని చేతికి తొడుగు లేకుండా వాటిని ఎవరూ ముట్టుకోరు. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేయడం వల్ల, ఇంట్లో కూడా చేతికి వచ్చిన ప్రతి వస్తువునూ ఒకసారి పైకీ కిందికీ ఊపి చూడడం ఆమెకు అలవాటైపోయింది. వీధిలో వాళ్ళు ఆ పేరు పెట్టింది అందుకే.

ఒక ముస్లిం దేశంలోని పరీక్షశాల వాళ్ళు కొత్త త్రాసులు తెప్పించుకుని, తమ సిబ్బంది పన్నెండుమందికి పది రోజులు పని నేర్పడానికి ఒకరిని పంపమన్నారు. ఆ పని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆఫీసులో లేరు. కానీ ఆ ఆఫీసు నుంచి ఇంతవరకు ఏ ఆడమనిషీ ఒంటరిగా దేశం దాటలేదు. పెద్దసారు మూడు రోజులు ఆలోచించి, ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"మీ పని మీద నాకు అనుమానం లేదమ్మా. కానీ మీ వేషం గురించి గానీ, నడవడిక గురించి గానీ అక్కడి నుంచి ఒక్క ముక్క ఫిర్యాదు వచ్చిందా, ఇక ఆడవాళ్ళని ఎక్కడికీ పంపేది లేదు. ఇప్పటికైనా మించిపోయింది లేదు, ఆలోచించుకోండి."

ఆ చివరి మాట వినగానే, ఆమె కింది హోదాలో పనిచేసే నలభై ఏళ్ళ మనిషి లేచి నిలబడి, "నేను సిద్ధం సార్" అన్నాడు. ఏ సంగతి వచ్చినా ముందుగా ఆ మాటే అంటాడు గనుక అతన్ని ఆఫీసులో అందరూ సిద్ధం అనే పిలుస్తారు.

విమానంలో ఇరవై కిలోలు తీసుకెళ్ళనిస్తారు. అందులో పదకొండు తూకపు రాళ్ళ పెట్టెకే పోతాయి. మిగిలిన తొమ్మిది కిలోల్లో పది రోజుల బతుకు ఇమడాలి. తూకాలమ్మ వంటింటి త్రాసు బల్ల మీద పెట్టి, బ్యాగులోంచి ఆఫీసు ఫారం ఒకటి తీసింది. జాబితా అంటే ఆమెకు ఆ ఫారమే. వస్తువు, బరువు, ఎప్పుడు వాడాలి, గమనిక అని నాలుగు గడులుంటాయి. పైన లావు అక్షరాల్లో "శిక్షణకు తప్పనిసరి" అని అచ్చయి ఉంటుంది. తెల్ల కాగితం మీద జాబితా రాస్తే ఆమెకు అబద్ధం ఆడుతున్నట్టుంటుంది.

అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. దైవభక్తి గల మనిషి. ఆవిడ భయం ఆ దేశం గురించి కాదు, తన ఇంటి గురించి.

"ఐదు పూటలా దేవుణ్ణి తలుచుకునేవాళ్ళ దగ్గరికి వెళ్తున్నావమ్మాయ్. నేను చూడు, ఒక్క పూట దణ్ణం పెట్టుకుంటాను. అదీ పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను తెరిచి. అలాంటి వాళ్ళ ముందు మనం తేలికైపోకూడదు."

"తేలికా బరువా అని వాళ్ళు నన్ను తూస్తారా అత్తయ్యా?"

"నువ్వు ఊళ్ళో అందర్నీ తూస్తావు. ఒక్కసారి నిన్ను తూస్తే తప్పేముంది?"

ఇంతలో పక్కింటి పిన్నిగారు వచ్చింది. ఆవిడ ఒకప్పుడు విమానం మారడానికి ఆ దేశపు విమానాశ్రయంలో నాలుగు గంటలు కూర్చుంది. అందువల్ల ఆ దేశం మీద వీధికంతటికీ ఆవిడే నిపుణురాలు. ఆ నాలుగు గంటల్లో మూడు నిద్రపోయానని ఆవిడే చెబుతుంది, అయినా నిపుణత తగ్గలేదు. ఆవిడ చెప్పినకొద్దీ ఫారం నిండింది. మడమల దాకా దిగే బూడిదరంగు అంగీ, ఆరువందల నలభై గ్రాములు, పది రోజులూ. తలగుడ్డ, నూటపది గ్రాములు, గదిలోనూ బయటా. మందపాటి బూడిదరంగు మేజోళ్ళు, జత తొంభై గ్రాములు, చర్మం కనపడరాదు. గమనిక గడిలో అత్తగారు దగ్గరుండి "సడలింపు లేదు" అని రాయించింది.

ఫారంలో ఎక్కనిది ఒకటుంది. పచ్చ చొక్కా, నీలం లాగూ, కలిపి నాలుగువందల ఎనభై గ్రాములు. ఆ ఊళ్ళో సముద్రం ఉందట. ఒక సాయంత్రం ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు అని ఎవరూ అడగకుండా ఒడ్డున గంటసేపు నడవాలని తూకాలమ్మ కోరిక. దాని బరువు మాత్రం ఆమె నోటితో కూడా చెప్పలేదు.

అదే బల్ల మీద, అదే రకం ఫారం మీద ఇంకో జాబితా ఉంది. శిక్షణ కోసం అక్కడివాళ్ళు సిద్ధం చేసుకోవలసిన త్రాసులు, బల్లలు, చేతి తొడుగులు అందులో రాసింది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. చిన్న భాగాలు విడివిడిగా పడి ఉంటే చూడలేని మనిషి. ఒకే రకం కాగితాలు రెండు కనపడగానే వాటిని కలిపి గుండుసూది గుచ్చి, ఆఫీసు కవరులో పెట్టి, భార్యకు ఆలస్యమైపోతోందని కవరు చేతికిచ్చాడు. ఆ గుండుసూది సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆఫీసులో డిస్పాచ్ గుమస్తాకు రెండే సూత్రాలు. ఫారం అయితే ముద్ర వేయడం, ముద్ర ఉంటే పంపడం. రెండు పేజీలకూ ముద్ర కొట్టి, మధ్యాహ్నానికల్లా మెయిల్లో పంపేసి, అసలు కాగితాలు ఫైల్లో పెట్టేశాడు. బట్టల కాగితం అత్తగారు దేవుడి పటం వెనక పెట్టి ఉంటుందని కోడలు, కోడలే దాచుకుని ఉంటుందని అత్తగారు అనుకున్నారు.

నాలుగో రోజున పెద్దసారుకు జవాబు వచ్చింది. మీ జాబితా అందింది, సంతోషం, దుస్తుల విషయంలో ఒక చిన్న సందేహం, మడమల దాకా దిగే అంగీ పది రోజులూ అవసరమా, మొదటి రోజు వేసుకుంటే సరిపోతుందా, అని అందులో ఉంది.

తూకాలమ్మ రెండుసార్లు చదివి, వాళ్ళు తననెందుకు అడుగుతున్నారో అర్థం కాలేదంది. పెద్దసారు నవ్వాడు. మర్యాదస్తులు ఆజ్ఞను అడిగినట్టే చెబుతారట. సాయంత్రం ఆరు దాకా ఉండగలరా అని తాను సిబ్బందిని అడిగినప్పుడు దాని అర్థం ఏమిటని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. అది అందరికీ అనుభవమే. వెంటనే జవాబు వెళ్ళింది. "పది రోజులూ తప్పనిసరి. మినహాయింపు ఉండదు."

"మగాళ్ళకైతే ఈ గొడవే ఉండదు కదా సార్. నేను సిద్ధం" అన్నాడు సిద్ధం.

రెండో మెయిల్లో, మా దగ్గర ఎండలు జాస్తి, యంత్రాల గదిలో కూడా తలగుడ్డ ఉండాలా అని ఉంది. కోడలికి చెమట పోస్తుందని ముందే బాధపడుతున్నారు, ఎంత మంచివాళ్ళో అని అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. ఎండ మాకు అడ్డు కాదని జవాబు పోయింది. మూడో దానిలో, మందపాటి మేజోళ్ళు మా దుకాణాల్లో దొరకడం లేదని ఉంది. దొరకవు గనుక తెచ్చుకోమంటున్నారని తూకాలమ్మ గ్రహించి, మేజోళ్ళు నేనే తెస్తున్నాను, ఎన్ని జతలుండాలి అని రాసింది. పన్నెండు అని తిరుగు టపాలో వచ్చింది, ఎన్నో కృతజ్ఞతలతో. పది రోజులకు పన్నెండంటే రెండు అదనంగా ఉంచుకోమంటున్నారు, తూకం తెలిసినవాళ్ళు అని ఆమె మెచ్చుకుంది.

నాలుగో మెయిల్ పెద్దసారును కాసేపు కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఈ విషయంలో స్త్రీ పురుష భేదం చూపవచ్చా అని అడిగారు వాళ్ళు. ఇది మనల్ని పరీక్షించడానికే అన్నాడాయన. తానే స్వయంగా జవాబు చెప్పి రాయించాడు. "మా ఆఫీసు ఏ విషయంలోనూ స్త్రీ పురుష భేదం చూపదు."

బయల్దేరే ముందురోజు పెట్టె తూస్తే, మేజోళ్ళ వల్ల నాలుగువందల ఎనభై గ్రాములు ఎక్కువ తేలింది. తూకాలమ్మ పెట్టె ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత అడుగునుంచి పచ్చ చొక్కా, నీలం లాగూ తీసి బీరువాలో పెట్టేసింది. పెట్టె సరిగ్గా సరిపోయింది. ఇన్నేళ్ళలో తూకం సరిపోయినందుకు ఆమెకు దిగులేసింది అదే మొదటిసారి.

ఆ దేశపు విమానాశ్రయంలో ఆమె బూడిదరంగు అంగీలో, తలగుడ్డతో, చెమటతో దిగింది. ముందు వరసలో ఒకామె లాగూ చొక్కాలో ఉంది. ఆమె వెనక ముఖం నిండా ముసుగు వేసుకున్నామె ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతోంది. పూల తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలావిడ చెప్పులు విప్పి కాళ్ళు ఒత్తుకుంటోంది. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. తనిఖీ అధికారి ఇత్తడి రాళ్ళ పెట్టె తెరిపించి అరగంట పరీక్షించాడు. ఆ శ్రద్ధలో నూరో వంతు కూడా ఆమె బట్టల మీద పెట్టలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు ఆమె పరీక్షశాల తలుపు తెరిచింది. గదిలో పన్నెండుమంది వరసగా నిలబడి ఉన్నారు. ఏడుగురు ఆడవాళ్ళు, ఐదుగురు మగవాళ్ళు. పన్నెండుమందీ మడమల దాకా దిగిన బూడిదరంగు అంగీల్లో, తలగుడ్డలతో, ఉత్త కాళ్ళతో ఉన్నారు. జోళ్ళు చేతుల్లో పట్టుకున్నారు. మగవాళ్ళలో పెద్దాయన గడ్డం మీదనుంచి చెమట చుక్కలుగా అంగీ మీద పడుతోంది.

వాళ్ళ పై అధికారిణి, తూకాలమ్మ ఈడు మనిషి, ముందుకు వచ్చింది. ఇద్దరికీ సగం సగం వచ్చిన భాషలో మర్యాదగా చెప్పింది. "మీరు రాసినట్టే చేశామండీ. పన్నెండూ మా అమ్మ కూర్చుని కుట్టింది. మేజోళ్ళు మీరు తెస్తామన్నారు కదా, అందుకే ఇలా నిలబడ్డాం."

బల్ల మీద రెండు పేజీలున్నాయి. రెండో పేజీ మీద తన చేతిరాత, తన ఆఫీసు ముద్ర. "సడలింపు లేదు" అన్న ముక్క కింద ఎవరో గౌరవంగా గీత కూడా గీశారు.

తూకాలమ్మకు పెద్దసారు షరతు గుర్తొచ్చింది. నోరు మూసుకుని పన్నెండు జతలూ పంచిపెడితే ఏ ఫిర్యాదూ రాదు. పది రోజులు అందరూ కలిసి ఉడికిపోతారు, అంతే. నిజం చెబితే ఆ సంగతి ఉత్తరంలోకి ఎక్కుతుంది, ఉత్తరం పెద్దసారు బల్ల మీదికి ఎక్కుతుంది, వెనక ఎవరు సిద్ధంగా ఉన్నారో తెలిసిందే. ఆమె పెద్దాయన గడ్డం కేసి చూసింది. తప్పు తూకం కళ్ళముందు పెట్టుకుని సరే అనడం ఆమె ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ చేయలేదు.

"ఇది మీ కోసం రాసింది కాదండీ. నా పెట్టె జాబితా. నేను మీకోసం వేసుకొచ్చాను."

అధికారిణి ఆమెను పైనుంచి కింది దాకా మొదటిసారి పరీక్షగా చూసింది. "మాకోసమా? మేము అడగలేదే?"

"ఉత్తరాల్లో అడిగారు కదా?"

"మీ పేజీ చూసి అడిగాం. మా అమ్మైతే, పాపం ఎంత నిష్ఠగల దేశమో, వాళ్ళ ముందు మనం తేలికైపోకూడదు అంది."

పెద్దాయన చెయ్యెత్తి, "అయితే ఇది విప్పేయొచ్చా అమ్మా?" అని అడిగాడు.

తూకాలమ్మ ఎర్ర పెన్సిల్ తీసి, చెడిపోయిన తూకపు రాయి మీద రాసినట్టే ఆ రెండో పేజీ మీద "రద్దు" అని రాసి సంతకం చేసింది. పావుగంటలో గది రంగులతో నిండిపోయింది. ఆడవాళ్ళలో నలుగురు తమ మామూలు తలగుడ్డలు కట్టుకున్నారు, ముగ్గురు కట్టుకోలేదు. పని మొదలైంది.

మూడో రోజు సాయంత్రం ఆమె ఒంటరిగా సముద్రం ఒడ్డుకు వెళ్ళింది. పచ్చ చొక్కా ఇంట్లో ఉంది కాబట్టి అంగీతోనే, మేజోళ్ళు మాత్రం విప్పేసి, గంటసేపు నీళ్ళ అంచున నడిచింది. అంగీ మోకాళ్ళ దాకా తడిసింది. ఎంత బరువెక్కిందో ఆమె ఊపి చూడలేదు.

ఆమె ఇంటికి చేరేలోపే ఉత్తరం పెద్దసారు బల్ల మీద ఉంది. ఆయన దాన్ని అందరి ముందూ పైకి చదివాడు. "మీరు పంపిన శిక్షకురాలు మొదటి రోజే ఒక పెద్ద తప్పు తూకాన్ని పట్టుకుని, అది తమదేనని నిర్భయంగా చెప్పి సరిదిద్దారు. ఇక ముందు కూడా వారినే పంపవలసిందిగా కోరుతున్నాము." తూకాలమ్మ లేచి రెండో పేజీ సంగతి మొదటినుంచీ చెప్పబోయింది. పెద్దసారు ఫైలు తిప్పి, దాని మీద ముద్ర ఉందా లేదా అని అడిగాడు. ఉంది. అయితే అది సరైనదే అన్నాడు.

ఇంట్లో అత్తగారు అంతా విన్నది. "అయితే ఎవరి కోసం ఎవరు కప్పుకున్నట్టు? పైనుంచి చూసేవాడు ఏమనుకున్నాడో" అంది. మర్నాడు ఆవిడ రెండు కళ్ళూ మూసుకుని దణ్ణం పెట్టుకుంది. పాలు పొంగిపోయాయి.

ఆరు నెలలకు మరో దేశం నుంచి పిలుపు వచ్చింది. తూకాలమ్మ అప్పటికే మొదటి దేశానికి రెండోసారి వెళ్ళి ఉంది, పెట్టెలో పచ్చ చొక్కాతో. పెద్దసారు ఎవరు వెళ్తారని అడిగేలోపే సిద్ధం లేచి నిలబడ్డాడు. డిస్పాచ్ గుమస్తా పాత ఫైలు తీసి, ముద్ర ఉన్న పేజీలు రెండూ అతని చేతిలో పెట్టాడు. మగవాళ్ళకు ఇది వర్తించదేమోనని అతను నసిగితే, పెద్దసారు తన పాత జవాబునే మళ్ళీ చదివి వినిపించాడు.

ప్రస్తుతం దర్జీ కొలతలు తీసుకుంటున్నాడు. మడమల దగ్గర కాస్త వదులు పెట్టమని సిద్ధం అడిగాడట.