లెక్కలోకి రాని ఆట

శనివారం పొద్దున ఛాంపియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గోల్ఫు సంచీ భుజాన వేసుకుని ఇంట్లోంచి బయటపడాలి. ఊరి చివర ఏదో ఒక పార్కులో బెంచీ చూసుకుని సాయంత్రం దాకా పడుకోవాలి. ఇంటికొచ్చి "ఇవాళ సరిగ్గా ఆడలేదు" అని చెప్పాలి. అందులో అబద్ధం కూడా లేదు, అసలు ఆడితే కదా!

ఛాంపియన్ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. పదేళ్ళ కిందట అతను పెద్ద కప్పు ఒకటి గెలిచాడు. అప్పట్లో బూట్ల కంపెనీవాళ్ళు ఇంటికొచ్చి మరీ బూట్లిచ్చి వెళ్ళేవారు. తరువాత భుజం పట్టేసింది, ఆట చెడింది, కొట్టిన ప్రతి బంతికీ చెరువంటే ప్రేమ పుట్టుకొచ్చింది. ఇప్పుడు అవే బూట్ల అడుగులు ఊడితే జిగురు పెట్టి అతికించుకుంటున్నాడు.

గోల్ఫు పోటీలో మొదటి రెండు రోజులు అందరూ ఆడతారు. ఆ తరువాత ఎక్కువ దెబ్బలు కొట్టి వెనకబడినవాళ్ళను ఇంటికి పంపేస్తారు. ఈ ఏడాది ప్రతి పోటీలోనూ ఛాంపియన్ శుక్రవారం సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్నాడు. చూసి చూసి విసిగిన భార్య, "ఈసారి కూడా మధ్యలో వచ్చేశారో, సోమవారం నుంచి మా నాన్న కొట్లో కూర్చోవాలి" అని ఒట్టు వేయించుకుంది. మామగారిది కుళాయిల కొట్టు. నిన్న ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఛాంపియన్ మళ్ళీ పోటీలోంచి పోయాడు. గుమ్మంలో భార్య మొహం చూడగానే మాత్రం నోరు దానంతటదే "పోటీలో ఉన్నాను" అనేసింది.

అతను గేటు తీస్తుండగా ఎదురుగా మామగారు దిగబడ్డారు. రాత్రే కూతురు ఫోన్ చేసి చెప్పేసిందట.

"పదవయ్యా అల్లుడూ, నేనూ వస్తున్నా!"

"మీరెందుకు మామయ్యా, ఎండలో..."

"కొట్టు మూసేశా. నువ్వు గెలుస్తుంటే నేను కుళాయిలమ్ముకుంటూ కూర్చోనా?"

బస్సులో ఛాంపియన్ కుక్కిన పేనులా కూర్చున్నాడు. మైదానం గేటు దగ్గర పరువు పోవడం ఖాయం అనుకుంటుండగా పోటీ అధికారి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మయ్య, వచ్చారా! మీలాంటివాళ్ళ కోసమే వెతుకుతున్నా!" అని చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. "మిగిలినవాళ్ళు బేసి సంఖ్యయ్యారు. జంటలుగా పంపాలి కదా, ముందు వెళ్ళేవాడికి జోడీ లేదు. ఊరికే తోడుగా ఆడి పెట్టండి. లెక్కలోకి రాదనుకోండి, మీకు తెలియనిదేముంది!"

ఛాంపియన్‌కు తెలుసు. మామగారికి తెలియదు. "చూడు చూడు, ఏం మర్యాద!" అంటూ ఆయన ఫోన్ తీసి చుట్టాలందరికీ కబురు పెట్టడం మొదలెట్టారు.

అసలు తంటా అక్కడే వచ్చింది. గెలిచేదీ ఓడేదీ లేదు కనుక ఛాంపియన్ చెయ్యి వణకలేదు. మొదటి బంతి తిన్నగా పోయింది. రెండోది గుంటలో పాతిన జెండా పక్కనే ఆగింది. ఏళ్ళుగా మొహం చాటేసిన ఆట, సిగ్గులేకుండా ఇవాళే తిరిగొచ్చింది. భయపడి ఒక బంతిని కావాలనే చెట్లలోకి కొడితే, అది కొమ్మకు తగిలి గుంట దగ్గరికే దొర్లింది.

"చెట్లను కూడా వదలడం లేదండీ మావాడు!" అని మామగారు చప్పట్లు కొట్టారు.

"ఈ ఆట నిన్న ఆడాల్సింది గురువుగారూ," అన్నాడు జోడీ ఆటగాడు. ఛాంపియన్‌కు ఏడుపొచ్చింది.

ఆట సగమయ్యేసరికి భార్య, వదిన, పక్కింటివాళ్ళు, కొట్టు గుమాస్తా అందరూ దిగిపోయారు. చివరి గుంటలో బంతి పడగానే భార్య కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"నేనే నోరు పారేసుకున్నానండీ. ఏమీ అనుకోకండి."

"అది కాదే..." అన్నాడు. ఆవిడ తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఈలోగా మామగారు ఫలితాల బోర్డును పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చదివారు. అల్లుడి పేరు లేదు.

"అన్యాయం! ఇంత బాగా ఆడినవాడి పేరే మింగేస్తారా?" అని కుర్చీ ఎక్కారు.

"పోనివ్వండి మామయ్యా, ఇంటికెళ్దాం," అంటూ ఛాంపియన్ ఆయన చొక్కా పట్టుకు లాగాడు.

"నువ్వుండవయ్యా! నీ మంచితనమే నీ కొంప ముంచుతోంది!"

నచ్చజెప్పీ చెప్పీ విసిగిపోయిన అధికారి చివరికి మైకు అందుకున్నాడు. "అయ్యా, వారు నిన్ననే పోటీలోంచి వెళ్ళిపోయారు. ఇవాళ ఒకాయన ఒంటరిగా ఆడకూడదని తోడుకు పిలిచాం. అంతే!"

ఆ మాట మైదానమంతా వినిపించింది. పక్కింటివాళ్ళు చెట్లకేసి చూడసాగారు. ఛాంపియన్‌కు ఎక్కడైనా దూరిపోవాలనిపించింది. మైదానంలో పద్దెనిమిది గుంటలున్నాయి గాని ఒక్కటీ మనిషి పట్టేంతది లేదు.

"సిగ్గేసి చెప్పలేకపోయాను," అన్నాడు తల దించుకుని. భార్య అతనికేసి చూడలేదు. "తప్పు నాదే. సోమవారం కొట్టుకొస్తాను మామయ్యా."

మామగారు కుర్చీ దిగి అల్లుణ్ణి ఎగాదిగా చూశారు.

"రానక్కర్లేదు."

"అదేంటి నాన్నా?" అంది కూతురు.

"బస్సులో నా పక్కనే కూర్చుని, నా చేత ఊరందరికీ ఫోన్లు చేయించి, కిక్కురుమనలేదమ్మా! ఇలాంటివాణ్ణి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టమంటావా? గోల్ఫే ఆడుకోమను. అక్కడైతే దెబ్బ దెబ్బకీ లెక్క చూసేవాళ్ళుంటారు."

అలా ఛాంపియన్‌కు కొట్టు తప్పింది. తిరుగు బస్సులో అతని పక్క సీట్లో గోల్ఫు సంచీ కూర్చుంది.